పేరు తప్పిన రేవు

నూట పాతికేళ్ళ కిందటి ఒక చిన్న చలనచిత్రం గురించి నాలుగు మాటలు మనవి చేసుకోవాలని ఈ వ్యాసం. చిత్రం నిడివి నిమిషం, ఆ ప్రాంతం. కథ లేదు, మాట లేదు, పాట లేదు. పెద్ద నది, ఒడ్డున రాతిమెట్లు, మెట్లపైన కోటల్లాంటి కట్టడాలు, నీటి అంచున జనం. అంతే. 1899లో తీసిన ఈ చిత్రాన్ని లండన్‌లోని బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు భద్రపరిచారు. మన దేశంలో తీసిన చిత్రాలలో నేటికి మిగిలి ఉన్నవాటిలో ఇదే అతి పాతదని వారి మాట. దాని పేరు తెలుగులో చెప్పుకుంటే ‘గంగానది మీదినుంచి కలకత్తా దృశ్యం’ అని. పేరులో గంగ నిజం, దృశ్యం నిజం. కలకత్తా మాత్రం నిజం కాదు. ఆ మెట్లు కాశీవి.

నేను చరిత్రకారుణ్ణి కాను. బరంపురంలో పుట్టి, వాణిజ్యశాస్త్రం చదివి, ముప్ఫయ్యేళ్ళుగా బ్యాంకులో అంకెలతో కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. మా అమ్మ 2021లో పోయింది. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా గంగా పుష్కరాలు వచ్చినప్పుడు, ఆమె పేరిట చేయవలసినవి చేద్దామని అక్కా బావగార్లతో కలిసి కాశీ వెళ్ళాను. తిరిగి వచ్చిన కొన్నాళ్ళకు మా మేనల్లుడు “మామయ్యా, మీరు మునిగిన మెట్లు ఆ రోజుల్లో ఎలా ఉండేవో చూస్తావా?” అని తన కంప్యూటరులో ఈ చిత్రం వేశాడు. పక్కనే కూరగాయలు తరుగుతున్న అక్క తలెత్తి చూసి “కాశీయే!” అంది. “కలకత్తా అని రాశారమ్మా” అన్నాడు వాడు. “రాసినవాళ్ళకేం తెలుసు? ఆ మెట్లు దిగి ఎక్కి మోకాళ్ళు పట్టేసినదాన్ని, నాకు తెలీదూ!” అంది అక్క.

చిత్రాన్ని భద్రపరిచినవారు కూడా అది వారణాసి అనే చెబుతున్నారని తర్వాత తెలిసింది. పండితులు తేల్చినదీ మా అక్క మోకాళ్ళు తేల్చినదీ ఒకటే అయినందుకు నాకు ముచ్చట వేసింది. ఆ ముచ్చటలోంచి పుట్టిన ఆలోచనలే ఇవి.

ముందుగా ఆ రోజుల సినిమా సంగతి. 1896 జూలై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల చిత్రాలు ప్రదర్శించారు. మన దేశంలో జనం బొమ్మలు కదలడం చూసింది అప్పుడే. అదే ఏడాది లూమియేర్ సంస్థ ఛాయాగ్రాహకుడు ప్రోమియో వెనిస్ నగరంలో కెమెరాను పడవలో పెట్టి, పడవ సాగుతుండగా కాలువ ఒడ్డున ఉన్న భవనాలను చిత్రించాడు. కెమెరా కదలదు, పడవ కదులుతుంది. చూసేవాడికి ఒడ్డే కదిలిపోతున్నట్టు ఉంటుంది. ఇది జనానికి ఎంత నచ్చిందంటే, పడవల నుంచి, రైళ్ళ నుంచి తీసిన దృశ్యాలు ఆ నాలుగైదేళ్ళలో లెక్కలేనన్ని వచ్చాయి. 1898లో లండన్‌లో ఏర్పడిన వార్విక్ ట్రేడింగ్ కంపెనీ ఇలాంటి దృశ్యాలను దేశదేశాల నుంచి తెప్పించి, జాబితా అచ్చువేసి అమ్మేది. మన గంగ కూడా ఆ జాబితాలో ఒక సరుకుగా చేరింది.

అప్పటి కెమెరా చేత్తో పిడి తిప్పేది. ఫిల్మ్ అడుగుకు 16 బొమ్మలు. సెకనుకు సుమారు 16 బొమ్మల చొప్పున తిప్పితే నిమిషానికి 60 అడుగులు ఖర్చు. పెట్టెలో పట్టే ఫిల్మ్ కొంచెమే. కనుక తీసేవాడు ఒక చోటు ఎంచుకుని, పడవవాడికి సైగ చేసి, పిడి తిప్పడం మొదలుపెట్టి, ఫిల్మ్ అయిపోగానే ఆపేవాడు. అంత తక్కువ సమయంలో అతడు ఎంచుకున్నది గుడిని కాదు, గోపురాన్ని కాదు, ఊరు ఊరంతా నీళ్ళలో దిగి స్నానం చేసే రేవుని. దూరదేశం నుంచి వచ్చినవాడికి ఆశ్చర్యంగా తోచింది అదే అయివుండాలి. గోడ లేదు, కప్పు లేదు, టిక్కెట్టు లేదు. ఆడా మగా, పిల్లా పెద్దా ఒకే నీటిలో, ఒకే వెలుతురులో స్నానం చేస్తున్నారు.

ఇక ఇది కలకత్తా కాదని ఎలా తెలుస్తుంది? నదిని బట్టే తెలుస్తుంది. కలకత్తా ఉన్నది హుగ్లీ ఒడ్డున. హుగ్లీ గంగకు పాయే, అక్కడివారికి అదీ గంగే, అందులో స్నానమూ పుణ్యస్నానమే. కాని అది సముద్రపు పోటుకు లొంగిన నీరు. రోజూ పోటుకు పెరుగుతుంది, పాటుకు తగ్గుతుంది. ఎంత పెరిగినా ఒక హద్దులో పెరుగుతుంది. కనుక అక్కడి ఘాట్లకు కొద్దిపాటి మెట్లు, పైన స్తంభాల మంటపం సరిపోతాయి. 1830లో రాణీ రాస్‌మణి తన భర్త పేర కట్టించిన బాబూ ఘాట్ అలాంటిదే.

కాశీలో సముద్రపు పోటు లేదు. అక్కడ లెక్క రోజుది కాదు, ఋతువుది. ఎండాకాలపు నీటిమట్టానికీ పెద్ద వరద మట్టానికీ తేడా పది మీటర్లకు పైమాటే. ఇప్పుడు అక్కడ ప్రమాదస్థాయిగా గుర్తుపెట్టిన మట్టం 71.262 మీటర్లు. 1978 సెప్టెంబరులో నది 73.9 మీటర్ల దాకా లేచింది. అంత ఎత్తు లేచి, మళ్ళీ అంత కిందికి దిగే నది పక్కన ఊరు కట్టుకుని, ఏడాది పొడుగునా రోజూ స్నానం చేయాలంటే ఏం చేయాలి? నది ఎక్కడ ఉంటే అక్కడ ఒక మెట్టు ఉండేలా చూసుకోవాలి. అందుకే పైనుంచి కింది దాకా అన్ని మెట్లు, వరద కోతకు ఆగే బలమైన రాతిగోడలు, వాటిమీద కోట బురుజుల్లాంటి భవనాలు. నీరు పెరిగినకొద్దీ స్నానాలు పైమెట్లకు ఎక్కుతాయి, తగ్గినకొద్దీ కిందికి దిగుతాయి. వానాకాలంలో మెట్లన్నీ మునుగుతాయి. నీరు తీశాక గట్టిపడ్డ ఒండ్రును తోడి మళ్ళీ మెట్లు బయటికి తీస్తారు. చిత్రంలో కనిపించే ఆ ఎత్తు, ఆ రాతిగోడలు కలకత్తాకు అవసరమే లేదు. మా అక్క మోకాళ్ళు చెప్పిన సాక్ష్యం ఇదే.

మరి పేరెందుకు తప్పింది? కావాలని మార్చారో, పెట్టె మీది చీటీ తారుమారైందో తేల్చే కాగితం నేను చూడలేదు. అయితే ఒకటి మాత్రం చెప్పవచ్చు. 1899లో కలకత్తా ఆంగ్లేయుల హిందూదేశానికి రాజధాని. ఢిల్లీకి రాజధానిని మారుస్తున్నట్టు ప్రకటించింది 1911లో. లండన్‌లో టిక్కెట్టు కొని బొమ్మ చూసేవాడు కలకత్తా పేరు విని ఉంటాడు. గంగ పేరూ విని ఉంటాడు. ఆ రెండూ కలిపి రాస్తే అడిగేవాడు లేడు. తెర మీద మెట్లు కనిపించాయి, జనం కనిపించారు, చూసినవాడు సంతోషించాడు. అమ్మినవాడికి డబ్బు ముట్టింది. లెక్క సరిపోయింది.

లెక్క సరిపోవడం అన్న మాట దగ్గర నాబోటివాడు ఆగకుండా ఉండలేడు. తెలుగు వాణిజ్యశాస్త్ర పుస్తకాల్లో ట్రయల్ బ్యాలెన్సును ‘అంకణా’ అంటారు. ఆవర్జాలోని ఖాతాల నిల్వలన్నీ రెండు వరుసల్లో వేసి మొత్తాలు సరిపోల్చడం. సరిపోతే తప్పుల్లేవని పైకి అనిపిస్తుంది. కాని అంకణా పట్టివ్వని తప్పులు కొన్ని ఉన్నాయని మొదటి ఏడాదిలోనే చెబుతారు. ఒకరి ఖాతాలో పడవలసిన సొమ్ము అదే పేరుగల మరొకరి ఖాతాలో పడితే మొత్తాలు రెండూ సరిగానే ఉంటాయి. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఇలాంటి తప్పు చేశాను. ఇంకా పెద్ద పుస్తకాల్లో చేత్తో రాసే కాలం. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి పింఛను అదే ఇంటిపేరూ అదే పేరూ ఉన్న మరొకాయన ఖాతాకు జమ రాశాను. సాయంత్రానికి లెక్క పైసాతో సహా కుదిరింది, అందరం ఇళ్ళకు పోయాం. తప్పు బయటపడింది వారం తర్వాత, ఆ ముసలాయన పాస్‌బుక్కు పట్టుకుని వచ్చి కిటికీ దగ్గర నిలబడినప్పుడు. పుస్తకం పట్టలేని తప్పును ఖాతాదారు పట్టాడు.

గంగ మీది ఈ చిత్రం సంగతి అంతే. నది ఉంది, మెట్లున్నాయి, స్నానాలున్నాయి, మొత్తం సరిపోయింది. ఊరు మాత్రం మరొకరి ఖాతాలో పడింది. అయితే ఆ రేవుకు పాస్‌బుక్కు ఎవరి దగ్గర ఉంది? అక్కడ స్నానం చేసినవారి దగ్గర.

ఆ మెట్ల చరిత్రే చూడండి. అస్సీ నుంచి వరణ దాకా ఎనభైకి పైగా ఘాట్లు. నది అక్కడ ఉత్తరానికి తిరిగి, వంపుగా సాగుతుంది. ఊరు పడమటి ఒడ్డున ఉన్నందువల్ల మునిగి లేచినవాడికి ఎదురుగా ఉదయిస్తున్న సూర్యుడు. నది ఎంత పాతదైనా, ఈనాడు మనం చూసే రాతికట్టడంలో చాలా భాగం 18, 19 శతాబ్దాలది. కట్టించినవారిలో కాశీవారికంటే బయటివారే ఎక్కువ. గుడిని 1780లో తిరిగి కట్టించిన అహల్యాబాయి హోల్కర్ ఇందూరు రాజ్యపు రాణి. మణికర్ణిక మెట్లలోనూ ఆమె చేయి ఉంది. గ్వాలియరు బైజాబాయి కట్టించిన సింధియా ఘాటు తన బరువుకు తానే కుంగిపోయింది. ఉదయపురం రాణాల భవనం, అంబరు రాజు మానసింహుడి భవనం, నాగపురం మంత్రి మున్షీ పేరుతో ఉన్న ఘాటు ఇవన్నీ వరసగా కనిపిస్తాయి. కేదార ఘాటు దగ్గర తమిళుల కుమారస్వామి మఠం. దాని పక్కనే విజయనగరం సంస్థానం పేరు మోస్తున్న ఘాటు. ఒక్కో సీమవారు ఒక్కో మెట్ల వరుస కట్టించుకుని, తమ భాష మాట్లాడే పురోహితుణ్ణి, తమ వంట తెలిసిన సత్రాన్ని ఏర్పాటు చేసుకున్నారు. పొరుగునేలలో తమ భాషతో బతకడం మనకు కొత్త సంగతి కాదు గనుక, ఆ మెట్ల వరసను చూస్తే మనకు సులువుగానే అర్థమవుతుంది.

ఇక్కడొక విచిత్రం. ఈ ఘాట్లను అచ్చమైన పేర్లతో బొమ్మలు గీసి అచ్చువేయించిన ఆంగ్లేయుడు ఒకడున్నాడు. అతడు జేమ్స్ ప్రిన్సెప్. తర్వాత బ్రాహ్మీ లిపిని చదివిన ప్రిన్సెప్ ఆయనే. 1820 నుంచి పదేళ్ళు కాశీ టంకశాలలో పనిచేశాడు. ఊరి పటం తయారుచేశాడు, జనాభా లెక్కించాడు, 1830ల మొదట్లో కాశీ చిత్రాల సంపుటం వెలువరించాడు. పదేళ్ళు ఉన్నవాడికి ఏ రేవు ఏదో తెలుసు. నిమిషం ఉన్నవాడికి ఊరే తెలియలేదు. ఆ ప్రిన్సెప్ జ్ఞాపకార్థం 1840లలో ఒక ఘాటు కట్టారు. ఎక్కడనుకున్నారు? కలకత్తాలో!

మనవాళ్ళలో ఈ రెండు ఊళ్ళనూ కళ్ళారా చూసి, రెంటినీ తెలుగులో వర్ణించినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్నం సుప్రీంకోర్టులో ద్విభాషి. అంటే ఆయన కూడా మనలాగే నేటి ఆంధ్రదేశపు ఎల్లలకు అవతల స్థిరపడ్డ తెలుగువాడు. 1830 మే 18న సుమారు వందమంది పరివారంతో బయలుదేరి, కాశీ చూసి, గయ చూసి, కలకత్తా చూసి, జగన్నాథం మీదుగా, మా గంజాం సీమ మీదుగా దక్షిణానికి దిగి, 1831 సెప్టెంబరు 3న చెన్నపట్నం చేరాడు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. దారిలో మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసిన ఉత్తరాలే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చయ్యాయి. సినిమా తీసిన కాలానికి అరవై తొమ్మిదేళ్ళ ముందు, ఏ ఊరు ఏదో, ఏ మజిలీకి ఎంత దూరమో తేదీలతో సహా రాసిపెట్టిన తెలుగు పుస్తకం మనకు ఉంది. దాన్ని అడిగి ఉంటే చీటీ తప్పేది కాదు. కాని లండన్ జాబితా రాసేవారు తెలుగు పుస్తకాన్ని అడుగుతారా?

ఆ కాలంలో ‘కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే’ అన్న సామెతకు అర్థం ఉండేది. 1887లో కాశీ దగ్గర గంగ మీద డఫరిన్ వంతెన కట్టారు. అదే నేటి మాలవీయ వంతెన. 1893-96 మధ్య బెజవాడ నుంచి కటకం దాకా తూర్పుతీరపు రైలుమార్గం పడింది. నెలల ప్రయాణం రోజుల్లోకి కుదించుకుపోయింది. కనుక 1899లో ఆ మెట్ల మీద తెలుగువాళ్ళు ఉండి ఉండడంలో ఆశ్చర్యం లేదు. తెలుగువారి పేరు అక్కడ అంతకుముందే పాతది. పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు కాశీఖండం తెలుగు చేశాడు. పదిహేడో శతాబ్దంలో షాజహాను కొలువులో పండితరాజ బిరుదు పొందిన జగన్నాథుడు కోనసీమ ముంగండవాడు. అతడు ఒక్కొక్క శ్లోకం చెబుతుంటే గంగ ఒక్కొక్క మెట్టు ఎక్కి వచ్చిందని కాశీలో కథ. కథ సంగతి ఎలా ఉన్నా, నీరు మెట్లెక్కి రావడమన్న ఊహ ఆ ఊళ్ళోనే పుట్టగలదు. పంచగంగ ఘాటు దగ్గర నివసించి 1887లో సిద్ధిపొందిన త్రైలింగస్వామి విజయనగరం ప్రాంతంవాడు. ఆయన అసలు పేరు జనానికి పట్టలేదు. ‘తెలుగు సన్యాసి’ అన్న అర్థమిచ్చే ఆ పేరే నిలిచింది. నేటికీ మానససరోవర ఘాటు దగ్గర ఆంధ్రాశ్రమంలో మన భోజనం దొరుకుతుంది.

ఇక స్నానం సంగతి. మెట్ల మీద తాటాకు గొడుగుల కింద చెక్కబల్లలు వేసుకుని ఘాటియాలు కూర్చుంటారు. స్నానానికి దిగేవారి బట్టలు, చెప్పులు, డబ్బు సంచి వారి బల్లమీదే. నీళ్ళలోంచి వచ్చాక అద్దం, దువ్వెన, గంధం, బొట్టు అక్కడే. నిత్యం వచ్చేవారిని వారు తరతరాలుగా ఎరుగుదురు. ఒక విధంగా అదీ బ్యాంకే, తాళం లేని లాకరు. పక్కనే పడవవాళ్ళు బేరమాడుతుంటారు, కుస్తీవాళ్ళు ఒళ్ళు రుద్దుకుంటుంటారు, ఇంకాస్త అవతల చాకలివాళ్ళు బండ మీద బట్టలు బాదుతుంటారు. ఆడవాళ్ళు తడిచీర మీదనే పొడిచీర చుట్టుకుని, ఎవరికంటా పడకుండా మార్చుకునే నేర్పు చూసి తీరాలి. ముక్కూమొహం తెలియని మనిషి ముసలివాళ్ళకు చెయ్యి అందిస్తాడు. మా అక్కకు అలా చెయ్యి అందించిన ఆవిడ నాందేడు నుంచి వచ్చిన తెలుగావిడ. ఆమె మాటలో సగం మరాఠీ, మా మాటలో సగం ఒరియా. అయినా “నిదానం అమ్మా, పాచి ఉంది” అన్నది ఇద్దరికీ తెలిసిన తెలుగే.

ఇదంతా పవిత్రంగా, సమానంగా సాగిపోయిందని చెబితే చరిత్ర కాదు. గుడిలోకి రానివ్వనివారిని కూడా నది రానిచ్చింది, నిజమే. కాని ఏ మెట్టు ఎవరిది, ఏ రేవులో ఎవరు దిగాలి అన్న పట్టింపులు మెట్ల మీద ఉండేవి. ఘాటియాల దోపిడీ గురించి యాత్రికులు ఏనాటినుంచో మొత్తుకుంటూనే ఉన్నారు. ఊరి మురుగు కూడా ఆ నదిలోకే వచ్చింది. 1986 జూన్‌లో గంగను శుభ్రపరిచే మొదటి ప్రభుత్వ పథకాన్ని కాశీ ఒడ్డునే ప్రారంభించారు. ఆ తర్వాతా పథకాలు వచ్చాయి. పుణ్యస్నానం చేసేవారే నీటిని చూసి ఒక క్షణం వెనకాడే రోజు వచ్చిందంటే, ఆ తప్పు నదిది కాదు.

మరొక సంగతి. నీళ్ళలో ఉన్న ఆడవాళ్ళను అడక్కుండా చిత్రించడం ఆ పడవతోనే మొదలైందేమో. కాకపోతే ఆ కెమెరా దూరంగా ఉంది, ముఖాలు గుర్తుపట్టలేం. పుష్కరాల్లో మా చుట్టూ లేచిన చేతి ఫోన్లకు అంత దూరం కూడా లేదు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచినదానికి వస్తాను. స్నానానికి ముందు సంకల్పం చెప్పిస్తారు గదా. చిన్నప్పటినుంచీ వింటున్నదే, అర్థం పట్టించుకోలేదు. అది నిజానికి ఒక చిరునామా. ఏ కల్పం, ఏ యుగం అని మొదలై, ఏ ద్వీపం, ఏ ఖండం, ఏ నదికి ఏ ఒడ్డు అంటూ స్థలాన్ని కుదించుకుంటూ వచ్చి, ఏ సంవత్సరం, ఏ మాసం, ఏ తిథి అంటూ కాలాన్ని కుదించుకుంటూ వచ్చి, చివరికి గోత్రం, పేరు దగ్గర ఆగుతుంది. మా బరంపురంలో మా పురోహితుడు శ్రీశైలానికి ఈశాన్యదిక్కున ఉన్న ప్రదేశమని చెబుతాడు. బరంపురం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. అంతకుముందు మద్రాసు రాజధానిలో ఉండేది. ఏలుబడి మారింది, కచేరీ భాష మారింది, బడి భాష మారింది. సంకల్పంలో మాత్రం శ్రీశైలం నుంచి కొలిచే దిక్కు మారలేదు. హోసూరు తెలుగువాడికి దిక్కు వేరు, బళ్ళారివాడికి వేరు. కాని కొలత మొదలుపెట్టే చోటు ఒకటే.

కాశీలో తెలుగు పురోహితుడు మాచేత సంకల్పం చెప్పిస్తే అందులో శ్రీశైలం రాలేదు. భాగీరథికి పడమటి ఒడ్డు అని, కాశీకి ఉన్న పాతపేర్లన్నీ వరసగా చెప్పి, ఆ తర్వాత మా గోత్రానికీ అమ్మ పేరుకీ వచ్చాడు. అప్పుడర్థమైంది నాకు. సంకల్పంలో చెప్పేది పుట్టిన ఊరు కాదు, ఆ క్షణాన నిలబడిన చోటు. ఎక్కడ నిలబడితే అక్కడి పేరు సరిగా చెప్పాలి. చెబుతూనే నీ గోత్రం, నీ పేరు పోగొట్టుకోకుండా చెప్పాలి. నాలుగు రాష్ట్రాల్లోనూ యానాంలోనూ చెదిరి ఉన్న మనబోటివారికి ఇంతకంటే మంచి నియమం నాకు తోచలేదు. నిలబడిన నేలను వేరే పేరుతో పిలవనక్కరలేదు, మన పేరును వేరే భాషలోకి మార్చుకోనూ అక్కరలేదు.

ఆ 1899 నాటి చిత్రంలో మెట్ల మీద ఉన్నవారిలో ఎంతమందో ఆ ఉదయం ఇలాంటి చిరునామా చెప్పుకునే నీళ్ళలో దిగి ఉంటారు. తాము ఎక్కడున్నదీ, అది ఏ ఏడు, ఏ మాసం, ఏ తిథి అన్నదీ వారికి తెలుసు. వారిని చిత్రించిన కెమెరా పెట్టె మీద మాత్రం ఊరు పేరు తప్పు పడింది. ఆ తప్పు వందేళ్ళకు పైగా వెంట వచ్చింది. 2017లో ఆ చిత్రాన్ని మరికొన్ని పాత భారతీయ దృశ్యాలతో కలిపి అందరూ చూడడానికి వీలు కల్పించారు. ఇది వారణాసి అని వివరణ చేర్చారు. పేరు మాత్రం పాతదే ఉంచారు. అది సబబే. మా బ్యాంకులో కూడా తప్పు పద్దును చెరపరాదు, సరైన పద్దు పక్కన రాసి సంతకం పెట్టాలి.

తప్పు పేరుతోనైనా మిగలడం ఒక అదృష్టం. అదే 1899లో సావే దాదాగా పేరుపొందిన భట్వడేకర్ బొంబాయి హ్యాంగింగ్ గార్డెన్స్‌లో కుస్తీ పోటీని చిత్రించాడు. కలకత్తాలో హీరాలాల్ సేన్ 1898 నుంచి చిత్రాలు తీశాడు. ఆయన చిత్రాలన్నీ 1917లో అగ్నికి ఆహుతయ్యాయి. ఆనాటి ఫిల్మ్ నైట్రేటుది, నిప్పురవ్వ చాలు. మనవాళ్ళు తీసినవి పోయాయి. పడవలో వెళ్తూ ఎవరో పరాయివాడు తీసింది మిగిలింది. అందులో మన తాతముత్తాతలు ఎవరైనా ఉన్నారో లేదో చెప్పేవారు లేరు.

మా ఇంట్లో ఒక పాత ఫొటో ఉంది. మా మామ్మ, మరో ఐదారుగురు ఆడవాళ్ళు తడిచీరలతో ఏదో రేవు మెట్ల మీద నిలబడి ఉన్నారు. వెనక ఏమీ రాసి లేదు, స్టూడియో ముద్ర మాత్రం ఉంది, అదీ సగం చెరిగిపోయింది. రాజమండ్రి గోదావరి కావచ్చు, గోపాలపురం దగ్గరి రేవు కావచ్చు, కాశీయే కావచ్చు. అమ్మ చెప్పగలిగేది. ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ ఫొటో గోడమీదే ఉంది, నేను రోజూ దాని కిందనుంచే ఆఫీసుకు వెళ్ళాను. అడగలేదు.

కాశీ నుంచి వచ్చాక మేము చేసిన పని ఒకటే. అక్కా నేనూ కూర్చుని, పుష్కరాల్లో తీయించుకున్న ఫొటోలు కాగితం మీద వేయించి, ఒక్కొక్కదాని వెనక ఏ ఘాటో, ఏ తేదీయో, ఎవరెవరున్నారో తెలుగులో రాశాం. నాందేడు ఆవిడ పేరు కూడా రాశాం. మామ్మ ఫొటో వెనక మాత్రం ‘రేవు ఏదో తెలియదు’ అని రాసి, కింద నేను సంతకం పెట్టాను.